బీరూనీ పుట్టిన గడ్డకు నీళ్లేవి?

కాప్రా నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఎంతో దూరం కాదు. ఆ ఆవరణలో దాయిరతుల్ మఆరిఫిల్ ఉస్మానియా అనే సంస్థ ఉంది. 1888లో హైదరాబాదులో నెలకొన్న ఈ సంస్థ, దేశదేశాల గ్రంథాలయాలలో చేతిరాత ప్రతులుగా పడివున్న అరబ్బీ గ్రంథాలను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి, పరిష్కరించి అచ్చు వేసింది. జామియా నిజామియా స్థాపకులు మౌలానా అన్వారుల్లా ఖాన్ ఫారూఖీ దీని వ్యవస్థాపకులలో ఒకరు. హదీసు, చరిత్ర, వైద్యం, ఖగోళం వంటి ఎన్నో శాస్త్రాల మూలగ్రంథాలు ఈ దక్కన్ ముద్రణాలయం నుంచే లోకానికి అందాయి.

అలా అచ్చయిన వాటిలో అబూ రైహాన్ అల్ బీరూనీ రచనలు ముఖ్యమైనవి. ఆయన ఖగోళశాస్త్ర మహాగ్రంథం 'అల్ ఖానూనుల్ మస్ఊదీ' 1954-56లో మూడు సంపుటాలుగా ఇక్కడ వెలువడింది. మన దేశపు శాస్త్రాలను, ఆచారాలను అరబ్బీ పాఠకులకు పరిచయం చేసిన 'కితాబుల్ హింద్' 1958లో అచ్చయింది. సంస్కృతం నేర్చుకుని, పండితుల వద్ద కూర్చుని, విన్నదాన్ని విన్నట్లు రాసిన మహనీయుడాయన. ఒక కొండ ఎత్తును ఆధారం చేసుకుని భూమి కొలతను లెక్కగట్టినవాడు.

బీరూనీ పేరు మన పిల్లలకు పాఠ్యపుస్తకాల ద్వారా తెలుసు. అయితే ఆయన ఊరు ఏది? ఒకసారి తరగతిలో ఒక అబ్బాయి ఈ ప్రశ్న వేశాడు. ఖ్వారజ్మ్ అని జవాబు చెప్పాము. "అది ఇప్పుడు ఎక్కడుంది సార్?" అని మళ్లీ అడిగాడు. పటం తెచ్చి గోడకు తగిలించి వెదికితే వేలు ఆగిన చోటు కరకల్పకిస్తాన్. ఆ పటం పాతది. అందులో కరకల్పకిస్తాన్ నెత్తిన పెద్ద నీలి మచ్చ ఉంది. పక్కన అరల్ సముద్రం అని రాసి ఉంది. నేడు ఆ నీలి రంగు వేసిన చోట చాలా భాగం తెల్లటి ఉప్పు ఎడారి. బీరూనీ పుట్టిన గడ్డ కథ, ఆ నీలి మచ్చ చెరిగిపోయిన కథ ఈ వారం పాఠకులతో పంచుకోదలిచాము.

నల్ల టోపీల దేశం

కరకల్పకిస్తాన్ స్వతంత్ర దేశం కాదు. ఉజ్బెకిస్తాన్‌లో భాగంగా ఉన్న స్వయంప్రతిపత్తి గల రిపబ్లిక్. ఆ దేశానికి వాయవ్య మూలన ఉంది. విస్తీర్ణం సుమారు 1,66,000 చదరపు కిలోమీటర్లు. అంటే నేటి ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త పెద్దది. ఉజ్బెకిస్తాన్ మొత్తం భూమిలో మూడోవంతుకు పైగా ఇదే. ఇంత నేలలో నివసించే జనం మాత్రం ఇరవై లక్షలకు దగ్గర. మన హైదరాబాదు నగరంలో నాలుగైదు నియోజకవర్గాల జనాభాను ఒక రాష్ట్రమంతా చల్లినట్లు ఊహించుకోవాలి.

జనం అంత పలుచగా ఉండడానికి కారణం నేల స్వభావమే. తూర్పున ఖిజిల్‌కుమ్ ఎడారి. ఆ మాటకు ఎర్ర ఇసుక అని అర్థం. పడమట ఉస్త్యుర్త్ అనే రాతి పీఠభూమి. ఏడాది మొత్తంలో కురిసే వాన సగటున 100 మిల్లీమీటర్ల చుట్టూ. కరువుకు పేరుపడిన మన అనంతపురంలో సైతం 500 మిల్లీమీటర్లు దాటుతుంది కదా! వేసవిలో ఎండ 40 డిగ్రీలు మించుతుంది. చలికాలంలో గడ్డ కట్టే చలి. మహాసముద్ర తీరాలకు ఎంతో దూరాన, ఖండం నడిబొడ్డున ఉన్న నేల కాబట్టి ఎండైనా చలైనా తీవ్రమే.

కర అంటే నలుపు, కల్పాక్ అంటే టోపీ. నల్ల టోపీలు ధరించే ప్రజలు కనుక కరకల్పాకులు అయ్యారు. వీరి భాష తుర్కీ కుటుంబానికి చెందినది, కజక్ భాషకు దగ్గరిది. వీరితోపాటు ఉజ్బెకులు, కజకులు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. ముస్లిములలో అత్యధికులు సున్నీలు, హనఫీ మజ్‌హబ్‌ను అనుసరించేవారు. అంటే నమాజులో చేతులు కట్టుకునే తీరు నుంచి వుజూ మసాయిల్ వరకు మన ఇళ్లలో చెప్పుకునే ఫిఖ్హే అక్కడా చెప్పుకుంటారు. రాజధాని పేరు నుకుస్. అక్కడి విశ్వవిద్యాలయానికి కరకల్పాకుల మహాకవి బెర్దాక్ పేరు పెట్టారు. 1966లో ఇగోర్ సావిత్‌స్కీ నెలకొల్పిన కళా ప్రదర్శనశాల ఆ పట్టణానికి లోకమంతటా పేరు తెచ్చింది.

జైహూన్ ఇచ్చిన బ్రతుకు

ఇంత ఎండు నేలలో మనిషి ఎలా బ్రతికాడు? దానికి ఒకే సమాధానం, నది. పామీరు మంచు కొండలలో పుట్టి, రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చే అము దర్యా ఈ నేలకు ప్రాణం. ఉర్దూలో దర్యా అంటే నది అని మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. అరబ్బీ గ్రంథాలలో దీని పేరు జైహూన్. దీని తోబుట్టువు వంటి సిర్ దర్యా సైహూన్. జైహూన్ ఆవలి ప్రాంతాన్నే మన మదరసా పుస్తకాలు మావరాఉన్నహర్ అంటాయి. ఇమామ్ బుఖారీ పుట్టిన బుఖారా, సమర్ఖంద్ ఆ ప్రాంతంలోనివే. మన ఆసఫ్‌జాహీ నవాబుల పూర్వీకుడు, 1687 గోల్కొండ ముట్టడిలో మరణించిన ఖ్వాజా ఆబిద్ ఖలీచ్ ఖాన్ కూడా సమర్ఖంద్ వైపు నుంచి వచ్చినవాడే. హదీసులో స్వర్గపు నదులుగా వచ్చిన సైహాన్, జైహాన్‌లు, ఈ సైహూన్, జైహూన్‌లు ఒకటి కావని ఇమామ్ నవవీ వివరించారు. పేర్లు దగ్గరగా ఉన్నందున కొందరు పొరపడుతుంటారు.

ఈ రెండు నదులూ చివరికి అరల్ సముద్రంలో కలిసేవి. పేరుకు సముద్రమే గాని అది నాలుగు వైపులా నేల ఉన్న మహా సరస్సు. అము దర్యా సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలి, ఒండ్రు పరిచి, రెల్లు దుబ్బులతో, చేపలతో, పచ్చిక బయళ్లతో ఒక డెల్టాను ఏర్పరచింది. మన కోనసీమకు గోదావరి ఎలాగో కరకల్పాకులకు అము దర్యా అలాగ.

ఆ నది ఒడ్డునే పూర్వం కాస్ అనే నగరం వెలిసింది. ఖ్వారజ్మ్ రాజ్యానికి అది రాజధాని. 712లో ఖుతైబా బిన్ ముస్లిం సేనలతో ఇస్లాం ఇక్కడ అడుగుపెట్టింది. బీజగణితానికి పేరు తెచ్చిన అల్ ఖ్వారిజ్మీ ఇంటి పేరులో ఉన్నది ఈ నేలే. 973లో బీరూనీ పుట్టింది కాస్ నగరంలోనే. ఆ స్థలంలో ఉన్న పట్టణానికి 1957లో బెరూనీ అని ఆయన పేరే పెట్టారు.

బీరూనీ తన ఊరి నది తీరును చిన్ననాటి నుంచీ చూసినవాడు. జైహూన్ కాలక్రమంలో దారి మార్చుకున్న వైనాన్ని ఆయన రాశారు. దీర్ఘకాలంలో సముద్రాలు నేలగా, నేల సముద్రంగా మారుతుందని కూడా వివరించారు. ఆయన చెప్పిన మార్పులు యుగాల తరబడి జరిగేవి. ఆయన సొంత గడ్డ మీద మాత్రం ఒక మనిషి జీవితకాలంలోనే ఒక సముద్రం నేలగా మారింది. అది ప్రకృతి చేసిన పని కాదు.

జెండాలు మారాయి

1221లో మంగోలు సేనలు ఖ్వారజ్మ్‌ను ధ్వంసం చేశాయి. గుర్గంజ్ నగరాన్ని పట్టుకున్నాక కట్ట తెంచి దానిని నీట ముంచారని చరిత్రకారుడు ఇబ్నుల్ అసీర్ రాశారు. నీటి మీద బ్రతికే నేలను నీటితోనే నాశనం చేయవచ్చని అప్పుడే తేలింది. ఆ తరువాత శతాబ్దాలు గడిచాయి. కరకల్పాకులు అనేక చోట్ల తిరిగి చివరకు ఈ డెల్టాలో స్థిరపడ్డారు. పంతొమ్మిదవ శతాబ్దం మొదట్లో ఖీవా ఖానుల ఏలుబడిలోకి వచ్చారు. 1873లో రష్యా సేనలు ఖీవాను లోబరుచుకుని అము దర్యా కుడి గట్టును తమ సామ్రాజ్యంలో కలుపుకున్నాయి.

సోవియట్ పాలన వచ్చాక 1925లో ఇది స్వయంప్రతిపత్తి ప్రాంతమైంది. 1932లో స్వయంప్రతిపత్తి రిపబ్లిక్‌గా మారింది. 1936లో ఉజ్బెక్ రిపబ్లిక్‌లో కలిపారు. ఆ దశాబ్దాలలో మస్జిదులు మూతపడ్డాయి, మదరసాలు ఆగిపోయాయి. 1940ల మధ్యలో బుఖారాలోని మీర్ అరబ్ మదరసాను తిరిగి తెరిచిన తరువాత, చాలాకాలం మొత్తం సోవియట్ దేశంలో ఆలిములను తయారుచేసే మదరసా అదొక్కటే.

లిపి సంగతి మరీ విచారకరం. 1920ల చివరిదాకా కరకల్పాకులు అరబ్బీ లిపిలో రాసుకునేవారు. తరువాత లాటిన్ అక్షరాలు తెచ్చారు. 1940లో వాటిని తీసివేసి రష్యన్ అక్షరాలు పెట్టారు. 1990లలో మళ్లీ లాటిన్ అన్నారు. తాత రాసిన ఉత్తరం మనవడు చదవలేని స్థితి. ఇంట్లో తాతగారి ఉర్దూ పుస్తకాలు అట్టపెట్టెల్లో ఉండగా, పిల్లలకు అలిఫ్ బే రాని కుటుంబాలు మన దగ్గరా ఉన్నాయి. ఆ బాధ ఏమిటో వారికి తెలుసు.

1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. మస్జిదులలో అజాన్ తిరిగి వినిపించింది. కరకల్పకిస్తాన్ సొంత రాజ్యాంగం, సొంత పతాకం గల రిపబ్లిక్‌గా ఉజ్బెకిస్తాన్‌లో కొనసాగింది. ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా విడిపోయే హక్కు కూడా రాతలో ఉంది. 2022 జూలైలో ఆ హక్కును తీసివేసే రాజ్యాంగ సవరణ ప్రతిపాదన రాగా, నుకుస్ వీధుల్లో జనం నిరసనకు దిగారు. అధికారిక లెక్క ప్రకారమే 21 మంది ప్రాణాలు కోల్పోయారు. ప్రభుత్వం ఆ ప్రతిపాదనను వెనక్కు తీసుకుంది. అల్లాహ్ మృతుల కుటుంబాలకు సహనం ప్రసాదించుగాక.

తెల్ల బంగారం

జెండాల కంటే ఈ నేలను ఎక్కువగా మార్చింది ఒక పంట. అది పత్తి. వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు రైతులకు పత్తిని గూర్చి మనం చెప్పేదేముంది? అక్కడ దానికి తెల్ల బంగారం అని పేరు. రష్యా మిల్లులకు కావలసిన పత్తి అంతా మధ్య ఆసియాలోనే పండించాలని మాస్కో పెద్దలు నిర్ణయించారు. ఎడారిలో పత్తి పండాలంటే నీరు కావాలి. నీరు రెండు నదులలో ఉంది. ఇక కాలువల తవ్వకం మొదలైంది.

1954లో ఆరంభించిన కరకుమ్ కాలువ అము దర్యా నీటిని తుర్క్‌మెనిస్తాన్ ఎడారిలోకి 1,300 కిలోమీటర్లకు పైగా మళ్లించింది. దానికి లైనింగు లేదు. ఇసుకలో తవ్విన కాలువ. పారిన నీటిలో పెద్ద భాగం ఇసుకలోనే ఇంకిపోయింది. మధ్య ఆసియాలో సాగునీటి ఆయకట్టు 1960 ప్రాంతంలో 45 లక్షల హెక్టార్లు ఉండగా 1990 నాటికి 70 లక్షలు దాటింది. ఎగువన ప్రతి ఒక్కరూ తమ వంతు కంటే ఎక్కువే తోడుకున్నారు. నది చివరన ఉన్నది కరకల్పకిస్తాన్. దానికి మిగిలింది పొలాల నుంచి తిరిగి వచ్చిన ఉప్పు నీరు, పురుగుమందుల నీరు.

మన రైతుల లెక్కలో చెబితే సంగతి సులువుగా అర్థమవుతుంది. 1960కి ముందు రెండు నదులూ కలిసి ఏటా అరల్ సముద్రానికి చేర్చిన నీరు సుమారు 50 ఘన కిలోమీటర్లు. అంటే 1,700 టీఎంసీలకు పైన. కృష్ణా జలాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు బచావత్ ట్రైబ్యునల్ కేటాయించిన 811 టీఎంసీలకు ఇది రెండు రెట్లు మించినది. 1980లలో కొన్ని సంవత్సరాలు ఆ నీటిలో దాదాపు ఏమీ సముద్రానికి చేరలేదు.

రేవు ఉంది, సముద్రం లేదు

1960లో అరల్ సముద్రం విస్తీర్ణం దాదాపు 68,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ రాష్ట్రంలో సగానికి పైగా నేలను కప్పేంత నీరు. ప్రపంచ సరస్సులలో నాలుగోది. 1980ల చివర అది ఉత్తర, దక్షిణ భాగాలుగా చీలిపోయింది. 2007 నాటికి పాత విస్తీర్ణంలో పదోవంతు మాత్రమే మిగిలింది. 2014లో దక్షిణ భాగపు తూర్పు పాయ పూర్తిగా ఎండిపోయింది.

కరకల్పకిస్తాన్‌లో మొయ్‌నాక్ అనే ఊరు ఒకప్పుడు ఓడరేవు. అక్కడ చేపలను డబ్బాలలో నింపే పెద్ద కర్మాగారం ఉండేది. వేల కుటుంబాలు చేపల వేట మీద, ఆ కర్మాగారం మీద బ్రతికాయి. సముద్రం వెనక్కు జరగసాగింది. మొదట జాలరులు దాని వెంట కాలువ తవ్వుకుంటూ పోయారు. తరువాత నీరు అందనంత దూరం వెళ్లిపోయింది. నీటిలో ఉప్పు పెరిగి చేపలు చచ్చిపోయాయి. 1980ల మొదటికి వేట ఆగిపోయింది. కర్మాగారం మూతపడకుండా దూర సముద్రాల చేపలను మంచులో పెట్టి రైళ్ల మీద తెప్పించారంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. నేడు మొయ్‌నాక్ నుంచి నీటి అంచుకు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. ఊరి అంచున ఇసుకలో తుప్పు పట్టిన పడవలు బారులుగా నిలిచి ఉన్నాయి. యాత్రికులు వాటి ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. 2010లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ ఆ ప్రాంతాన్ని చూసి దిగ్భ్రాంతి చెందారు.

సముద్రం ఎండితే పోయింది చేపలే కాదు. అడుగున పేరుకున్న ఉప్పు, దశాబ్దాల పురుగుమందుల అవశేషాలు గాలికి లేచాయి. ఆ కొత్త ఎడారికి అరల్‌కుమ్ అని పేరు పెట్టారు. 2018 మే నెలాఖరున లేచిన ఉప్పు తుఫాను కరకల్పకిస్తాన్ పొలాలను, తోటలను తెల్లగా కప్పివేసింది. తల్లులలో, పిల్లలలో రక్తహీనత, శ్వాసకోశ వ్యాధులు, క్షయ ఆ ప్రాంతాన్ని పట్టి పీడించాయి. క్షయ రోగుల కోసం అంతర్జాతీయ వైద్య బృందాలు 1990ల చివరి నుంచే అక్కడకు వెళ్లి పనిచేశాయి. ఒకనాడు వేడిని, చలిని మెత్తబరిచిన సముద్రం లేకపోవడంతో వేసవి మరింత వేడెక్కింది, శీతాకాలం మరింత చల్లబడింది.

నేల మీదా, సముద్రంలోనూ కల్లోలం చెలరేగడానికి మనుషుల చేతలే కారణమని, వారు చేసుకున్నదాని రుచి కొంత చూపించి వారిని మళ్లించడానికే అది జరుగుతుందని సూరహ్ రూమ్ మనకు బోధిస్తుంది. ఆ వాక్యానికి తఫ్సీరు కావాలంటే మొయ్‌నాక్ ఇసుక మీదకు వెళితే చాలు.

పై పొలం, కింది పొలం

ఈ విషాదంలో ఒక న్యాయ సమస్య ఉంది. దాన్ని మన ధర్మం పద్నాలుగు వందల ఏళ్ల కిందటే పరిష్కరించింది. సహీహ్ బుఖారీలో ఆ సంఘటన ఉంది. మదీనాలో హర్రా ప్రాంతపు పిల్ల కాలువ నీటి విషయమై హజ్రత్ జుబైర్ (రజి)కీ, ఒక అన్సారీకీ తగవు వచ్చింది. జుబైర్ (రజి) తోట ఎగువన ఉంది. అన్సారీది దిగువన. మహాప్రవక్త (స) ముందుగా సర్దుబాటు మార్గం చూపారు. నీ చెట్లకు పెట్టుకుని, పొరుగువాడికి నీరు వదులు అని జుబైర్‌కు చెప్పారు. అన్సారీ దానికి తృప్తి పడక, ఆయన మీ బంధువు కాబట్టే ఇలా చెప్పారన్న అర్థంలో మాట్లాడాడు. మహాప్రవక్త (స) ముఖం రంగు మారింది. అప్పుడు ఎగువవాడి పూర్తి హక్కు ఎంతో నిర్ణయించి, మడి గట్టు వరకు నీరు చేరాక వదలమన్నారు.

మహ్‌జూర్ అనే మరో వాగు విషయంలో కూడా మహాప్రవక్త (స) తీర్పు ఇచ్చినట్లు హదీసు గ్రంథాలలో ఉంది. ఎగువ రైతు చీలమండల లోతు వరకు నీరు నిలుపుకోవచ్చు. తరువాత దిగువవాడికి వదలాలి. ఎంత సూటి సూత్రమో గమనించండి. ఎగువన ఉండడం వల్ల ముందుగా వాడుకునే హక్కు వస్తుంది. మొత్తం తాగేసే హక్కు రాదు. హక్కుకు చీలమండ అంత ఎత్తున గీత గీశారు. నీరు, పచ్చిక, నిప్పు ప్రజలందరి ఉమ్మడి సొత్తు అన్న హదీసు కూడా ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి.

అము దర్యా ఎగువన ఆ గీత చెరిపివేశారు. పాలకుల పేర్లు మారినా ఆ సమస్య నేటికీ తీరలేదు. 2022 నుంచి అఫ్ఘానిస్తాన్ తన కరువు నేలల కోసం అము దర్యా నుంచి ఖోష్ తెపా అనే 285 కిలోమీటర్ల కాలువ తవ్వుతోంది. అఫ్ఘాన్ రైతుకు కూడా ఆ నదిలో హక్కు ఉంది, కాదనలేము. దిగువవాడి హక్కును ఎవరు కాపాడాలన్నదే ప్రశ్న. ఇరు పక్షాలూ ముస్లిములే. చీలమండ గీత ఇద్దరి గ్రంథాలలోనూ ఉంది.

మీరాబ్, నీరటి

పాత ఖీవా రాజ్యంలో కాలువల పెత్తనం మీరాబ్ అనే అధికారిది. మీర్ అంటే అధిపతి, ఆబ్ అంటే నీరు. ఏ ఊరికి ఎప్పుడు ఎంత నీరు వదలాలో, ఏ కాలువకు ఎప్పుడు పూడిక తీయించాలో ఆయన చూసేవాడు. ఖీవాలో ప్రసిద్ధ కవులు, చరిత్రకారులు అయిన మూనిస్, ఆయన అన్నకొడుకు ఆగహీ ఇద్దరూ మీరాబ్ పదవి నిర్వహించినవారే. కలం పట్టిన చేతికే కాలువ తూము అప్పగించారంటే ఆ పని ఎంత నమ్మకమైనదో తెలుస్తుంది.

మన తెలంగాణ పల్లెల్లో అటువంటి మనిషినే నీరటి అంటారు. తూము తెరిచేది, మూసేది నీరటి. గట్టు మీద తిరుగుతూ ఆఖరి మడి తడిసిందా లేదా చూసేది నీరటి. ఆయనకు పంటలో మేర ఇచ్చేవారు. కాకతీయుల కాలం నుంచి మన చెరువులు గొలుసు కట్టుగా ఉండేవి. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరేది. అది నిండితే దాని కిందిది. ఎగువవాడి మిగులు దిగువవాడి బ్రతుకు అన్న నియమం మన నేల మీదే కట్టలుగా, అలుగులుగా కనిపిస్తుంది.

మా కాప్రా చెరువు గట్టున నిలబడితే ఈ సంగతులే మనసులో మెదులుతాయి. ఒకప్పుడు ఇది ఊరి చెరువు. నేడు చుట్టూ కాలనీలు, మేడలు. నీటి మీద గుర్రపుడెక్క. ఇళ్ల మురుగు వచ్చి కలుస్తుంది. మన నల్లాలలోకి మాత్రం నీరు వంద కిలోమీటర్లకు అవతల నుంచి, కృష్ణ నుంచి, గోదావరి నుంచి పంపుల మీద ఎత్తి తెస్తున్నారు. అంటే నగరంలో ఉన్న మనమంతా ఎగువవాళ్లమే. మన నల్లా తరువాత ఎక్కడో ఒక ఆఖరి పొలం ఉంది. దాని రైతు ముఖం మనకు కనబడదు. మాస్కోలో కూర్చుని పత్తి లెక్కలు వేసినవారికి మొయ్‌నాక్ జాలరి ముఖం కూడా ఇలాగే కనబడలేదు.

మన వంతు

ఎవరినో నిందించి ఊరుకుంటే లాభం లేదు. మన చేతిలో ఉన్న తూము ఒకటుంది. అది వుజూఖానాలోని నల్లా. మహాప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సాఅ నీటితో గుసుల్ చేసేవారని సహీహ్ హదీసులలో ఉంది. నాలుగు ముద్‌లు ఒక సాఅ. ముద్ అంటే మనం తాగునీటికి వాడే లీటరు సీసా కంటే ఎక్కువ కాదు. వుజూ చేస్తున్న హజ్రత్ సఅద్ (రజి)ను చూసి, పారే నది ఒడ్డున కూర్చున్నా సరే నీరు వృథా చేయరాదని మహాప్రవక్త (స) హెచ్చరించిన సంగతి ఇబ్నె మాజా గ్రంథంలో ఉంది. నది ఒడ్డున ఉన్నవాడు కూడా ఎందుకు పొదుపు చేయాలి? నది అతని దగ్గర ఆగిపోదు కనుక. ఈ హదీసు లోతు మాకు అరల్ సముద్రం కథ చదివాకే బోధపడింది.

మేము ఒక రోజు నల్లా కింద బకెట్ పెట్టి మామూలుగా వుజూ చేసి చూశాము. లేచేసరికి సగం బకెట్ నిండింది. ఏళ్ల తరబడి పిల్లలకు ఇస్రాఫ్ గురించి పాఠం చెప్పిన మాకు ఆ సగం బకెట్ చూసి సిగ్గు వేసింది. ఆనాటి నుంచి ఇంట్లో బద్నాతో వుజూ చేయడం మళ్లీ అలవాటు చేసుకున్నాము.

మస్జిదు కమిటీల పెద్దలకు ఒక మనవి. వుజూకు వాడిన నీరు హనఫీ ఫిఖ్హ్ ప్రకారం పాకే. దానితో మళ్లీ వుజూ చేయకూడదు గాని, చెట్లకు పెట్టడానికి ఏ అభ్యంతరమూ లేదు. ఆ నీటిని మురుగు కాలువలో కలపకుండా వేరే గొట్టంతో నాలుగు చెట్ల పాదుల్లోకో, ఒక ఇంకుడు గుంతలోకో మళ్లించవచ్చు. రోజుకు ఐదు పూటలు వందల మంది వుజూ చేసే చోట అది చిన్న నీరు కాదు. నల్లాలకు ధార తగ్గించే మూతలు బిగించడం కూడా పెద్ద ఖర్చు కాదు. జుమా ప్రసంగంలో ఖతీబ్ సాహెబులు ఏడాదికి ఒకసారైనా ఈ విషయం ఎత్తుకుంటే ఎంతో మేలు.

కరకల్పకిస్తాన్ ప్రజలు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఎండిన సముద్రపు అడుగున సక్సావుల్ అనే ఎడారి మొక్కలు నాటుతున్నారు. 2018 చివరి నుంచి ఈ పని లక్షల హెక్టార్లలో సాగింది. సక్సావుల్ వేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి, ఉప్పు ధూళిని అడ్డుకుంటాయి. 2021లో ఐక్యరాజ్యసమితి అరల్ ప్రాంతాన్ని పర్యావరణ నూతన పద్ధతుల ప్రాంతంగా ప్రకటించింది. ఉత్తర భాగంలో కజకిస్తాన్ 2005లో పూర్తిచేసిన కోక్ అరల్ ఆనకట్ట వల్ల అక్కడ నీటి మట్టం పెరిగి చేపలు తిరిగి వచ్చాయి. దక్షిణాన, మొయ్‌నాక్ ముందు మాత్రం సముద్రం తిరిగి వస్తుందన్న ఆశ కనుచూపు మేరలో లేదు. అయినా మొక్క నాటుతున్నారు. ప్రళయం వచ్చిపడినా చేతిలో మొక్క ఉంటే దాన్ని నాటమన్న హదీసును ఇమామ్ బుఖారీ తమ 'అల్ అదబుల్ ముఫ్రద్'లో చేర్చారు. ఆ ఇమాము గారి ఊరు ఈ ఎడారికి పొరుగునే.

ఉన్న నీరు భూమి లోతులకు ఇంకిపోతే పారే నీటిని మీకు తెచ్చి ఇచ్చేదెవరని సూరహ్ ముల్క్ చివరలో అల్లాహ్ అడుగుతున్నాడు. రాత్రి పడుకోబోయే ముందు ఆ సూరహ్ చదివే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది. ఇకపై ఆ చివరి ఆయత్ చదివేటప్పుడు, నడి ఎడారిలో నిలిచిపోయిన మొయ్‌నాక్ పడవలను ఒక్కసారి తలచుకుందాము. తెల్లవారి ఫజర్ వుజూకు లేచినప్పుడు నల్లాను సగమే తిప్పుదాము.

అల్లాహ్ మనకు అనుగ్రహాల విలువ తెలిసిన దాసులుగా జీవించే భాగ్యం ప్రసాదించుగాక. ఎగువన ఉన్నవారికి న్యాయబుద్ధిని, దిగువన ఉన్నవారికి వారి వంతు నీటిని ప్రసాదించుగాక. ఆమీన్.